నాన్న క్లారినెట్టుకు పెట్టించిన చిల్లు

గత నెలలో మా మేనకోడలి కొడుకు, విశాఖపట్నంలో ఒక ఆర్కెస్ట్రాలో శాక్సాఫోను వాయించేవాడు, నా ఫోనుకు రెండు వీడియోలు పంపి, ఫిజిక్సు పాఠాలు చెప్పిన తాతవు కదా, ఈ రెండు పెట్టెల్లో ఏది కొనమంటావో చూసి చెప్పమని రాశాడు. ఊది వాయించే వాద్యాల కోసమే చేసిన పెట్టెలట అవి. ఒకటి మనం పలికించిన స్వరాన్ని కావలసినంత పైకీ కిందకీ జరుపుతుంది, రెండవది ఆ స్వరానికి పొసగే మరో రెండు స్వరాలను తనంతట తానే ఎంచుకుని పక్కన చేర్చి వినిపిస్తుంది. ఎవరు చెప్పినదాన్నీ చెప్పినట్టు నమ్మే అలవాటు నాకు లేదు కనుక, ఆ శబ్దాన్ని పౌనఃపున్యం కొలిచే యాప్ ముందు పెట్టి పరీక్షించాను. పెట్టెలు చెప్పిన పనే చేస్తున్నాయి. అంతవరకూ నాకు ఏ తగాదా లేదు. కానీ వీడియో చివర అమ్మేవాడు చిరునవ్వు నవ్వి, ఇక మీ పక్కన రెండో మనిషి అవసరమే లేదన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయి ఫోను బల్లమీద బోర్లించేశాను. డెబ్బై అయిదు దాటినవాడు ఒక అమ్మకపు మాటకు ఇంత ఉడికిపోవడమేమిటని ఇంట్లోవాళ్ళు అడిగారు. పెళ్ళిపందిట్లో మనుషులు ఊపిరి పోసి ఊదిన మేళం విన్న నా ఈడువాళ్ళకైతే ఆ సంగతి చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

మాది చోడవరం. పొద్దుటిపూట క్షవరాల కత్తి, ముహూర్తం వేళకు మేళం, అదీ మా ఇంటి వృత్తి. మా తాత కాలంలో సన్నాయి ఉండేదిగాని, నాన్న యౌవనంలో ఎక్కడో విని మోజుపడి క్లారినెట్టుకు మారాడు. నల్లకర్రతో చేసిన ఆ వాద్యాన్ని నూనెగుడ్డతో తుడిచి, పాత పంచెలో చుట్టి, దేవుడి అలమరలో దేవుళ్ళకు ఒక మెట్టు కిందగా పెట్టేవాడు. నాన్న పక్కన రెండో క్లారినెట్టు మా చిన్నాన్నది. చూడడానికి ఆయన పని చాలా చిన్నది. నాన్న పై స్థాయిలో రాగం నడిపిస్తూ ఉంటే, చిన్నాన్న ఒక స్థాయి కింద అదే రాగాన్ని నీడలాగా పట్టుకుని వచ్చేవాడు. మెచ్చుకునేవాళ్ళు నాన్నను మెచ్చుకునేవారు, శాలువా కప్పితే నాన్నకే కప్పేవారు, ఫొటో తీసినప్పుడు చిన్నాన్న సగం మొహం డోలు వెనక ఉండిపోయేది. అందుకు ఆయన ఏనాడూ నొచ్చుకున్నట్టు నేను చూడలేదు. రెండోవాడి పని వినపడకుండా వినపడటమేనని మాత్రం ఒకసారి నవ్వుతూ అన్నాడు, అదేదో వినయం కొద్దీ అన్నాడనుకున్నాను.

మా వంశంలో మొదటి బి.ఎస్సీ.ని నేను. డెబ్బయ్యో దశకం మొదట్లో విశాఖపట్నంలో ఫిజిక్సు చదువు ముగించుకుని వచ్చి, మా ప్రాంతపు హైస్కూల్లో సైన్సు మాష్టరుగా చేరాను. కొత్త ఉద్యోగమూ కొత్త శాస్త్రమూ ఒకేసారి తలకెక్కిన రోజులవి. ఇంట్లో ఎవరు ఏం చెప్పినా నిదర్శనం అడిగేవాణ్ణి. గ్రహణం నాడు వండిన అన్నం పాడవుతుందని అమ్మ అంటే, రెండు గిన్నెల్లో వేరువేరుగా ఉంచి మర్నాడు వాసన చూపించేవాణ్ణి. అమ్మ మాత్రం ఆ రెండు గిన్నెలూ పారబోసేది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా మావయ్య, అమ్మకు తమ్ముడు, అనకాపల్లి నుంచి జీపులో దిగాడు. ఆయనది మైకుసెట్టు వ్యాపారం. చుట్టుపక్కల పెళ్ళివారు పందిరికి మైకు మాట్లాడుకోవడానికి ముందు ఆయన దగ్గరికే వెళ్ళేవారు కనుక, మేళం ఎవరిదన్నదీ చాలావరకు ఆయన నోటిమీదే ఆధారపడి ఉండేది. మాడుగుల హల్వా పొట్లం అక్కచేతిలో పెట్టి, గోనెసంచిలోంచి రెండు పెట్టెలు తీసి మంచంమీద సర్దాడు. విశాఖ హార్బరుకు వచ్చిన ఒక విదేశీ ఓడలోని వాద్యకారుడి దగ్గర సంపాదించానన్నాడు. ఈ రెండింట్లో ఏదో ఒకటి మన మేళానికి, మిగిలినది ఇంకో పార్టీకి, మీరే ఏరుకోండి అని ఉదారంగా ప్రకటించి నాన్న వైపు తిరిగాడు.

“బావా, ఈటిలో ఏది పెట్టుకున్నా నువ్వొక్కడివే ముగ్గురు. ఏ సొరానికైనా జంటసొరం కలుపుతాది, కింద సొరం మనిసికన్నా నిక్కచ్చిగా పలుకుతాది. ఇంక సిటీ పార్టీలు సోడవరం పొలిమేర తొక్కితే నా పేరు మార్చీ. జనం ఇప్పుడు మిషనడగతన్నారు, మనుసుల్ని అడగటం లేదు!”

నాన్న ఆ పెట్టెలవైపు చూసి, తరవాత నావైపు చూశాడు. “మా గుంటడు సదువుకున్నాడు కదా, ఆడు సూసి ఏది మంచిదంటే అదే,” అన్నాడు. నా జీవితంలో నాన్న నన్ను పదిమందిలో పెద్దరికంతో నిలబెట్టిన మొదటి సందర్భం అది. దాని మత్తు నాకు బాగా ఎక్కింది.

నేను పరీక్ష చేసిన పద్ధతిని ఈనాటికీ తప్పు పట్టలేను, అదే నా బాధ. స్కూలు లేబొరేటరీ నుంచి శ్రుతిదండాలు రెండు, సోనోమీటరు ఒకటి ఇంటికి తెచ్చాను. మొదటి పెట్టె టేపు మీద శబ్దాన్ని పట్టి కాసేపటికి తిరిగి వినిపించే ఎకో పెట్టె. ఊదిన మాటనే మళ్ళీ చెబుతుంది తప్ప కొత్త స్వరమేదీ పుట్టించదు కనుక, దాన్ని ముగ్గురు మనుషులని చెప్పడం పచ్చి అబద్ధమని అరగంటలో తేల్చి పక్కన పెట్టాను. రెండవది ఆక్టేవు పెట్టె. వాద్యంలోపలి కంపనాలను ఒక చిన్న గుండీవంటి మైకుతో పట్టి, రెండు కంపనాలకు ఒకటి చొప్పున లెక్కగట్టి, అదే స్వరాన్ని సరిగ్గా ఒక స్థాయి కింద పలికిస్తుంది. పరీక్షకు ఆ మైకును వాద్యానికి ఆనించి పట్టుకుని, నాన్న చేత ఒక స్వరాన్ని ఐదువందల పన్నెండు కంపనాల దండంతో కలిపి నిలకడగా ఊదించి, పెట్టెలోంచి వచ్చిన కింది స్వరాన్ని రెండువందల యాభైయారు దండంతో పోల్చి చూశాను. శ్రుతి కలవనప్పుడు వినపడే ఊగు, విస్పందనాలు, లేవు. వెంట్రుకవాసి తేడా లేదు. చిన్నాన్నను అదే స్వరం కింద ఊదమంటే, పాపం, ఆయనది ఒక పిసరు అటూఇటూ ఊగింది.

రూళ్ళకాగితం మీద నివేదిక రాశాను. ముగ్గురు వాయించినట్టుంటుంది అన్నది అసత్యం. ఏ స్వరానికైనా జంటస్వరం కలుపుతుంది అన్నదీ అసత్యం, కింది స్థాయి తప్ప మరొకటి రాదు. కింది స్థాయి స్వరాన్ని మనిషికన్న నిక్కచ్చిగా ఇస్తుంది అన్నది మాత్రం సత్యం. మావయ్య చెప్పిన మూడింటిలో రెండు కొట్టేశానన్న గర్వంతో, మిగిలిన ఆ ఒక్క సత్యం ఎవరి మెడమీద పడుతుందో చూసుకోలేదు.

పూర్తిగా చూసుకోలేదనడం కూడా అబద్ధమే. చూశాను. అందుకనే ఆ సాయంత్రం చిన్నాన్నను వీధి అరుగుమీద కూర్చోబెట్టి, నా దృష్టిలో ఎంతో న్యాయంగా, ఒక ప్రశ్న అడిగాను. ఈ పెట్టెకు చేతకాని పని నువ్వు చేసేది ఏదైనా ఉందా, ఉంటే చెప్పు, అదీ నివేదికలో రాస్తానన్నాను. ఆయన తన క్లారినెట్టు నోటి దగ్గరి రీడును బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

“ఏటుంటాది బాబూ,” అన్నాడు. “అన్న వాయించిందే వాయిస్తాను. అది బాగుంటే అదే పెట్టుకోండి.”

నిదర్శనం అడిగాను, నిదర్శనం దొరికింది, రాసుకున్నాను.

ఆ గుండీమైకు వాద్యంలో కూర్చోవాలంటే, నోట్లో పెట్టుకునే ముక్కకు సరిగ్గా కింద ఉండే కర్రభాగానికి చిల్లు పెట్టాలి. డోలు పక్కన బయటి మైకు పెడితే డోలు దెబ్బలకు పెట్టె లెక్క తప్పుతుంది, అదీ నేనే పరీక్షించి చెప్పాను. నాన్న రెండురోజులు క్లారినెట్టును అలమరలోంచి తియ్యలేదు. మూడోనాడు పంచెలోంచి క్లారినెట్టు విప్పి నా చేతికిచ్చి, నువ్వే దగ్గరుండి పెట్టించమన్నాడు. అనకాపల్లిలో మావయ్య మనిషి చిల్లుపెట్టే బర్మా తిప్పుతుంటే నల్లటి పొట్టు సన్నగా రాలింది. కర్ర చీలకుండా ఉండాలన్న శ్రద్ధ తప్ప ఆ క్షణంలో నాకు మరో ఆలోచన లేదని ఒప్పుకోవాలి.

తరవాతి పెళ్ళి చీడికాడలో, చెరకు రైతుల ఇంట. మావయ్య జీపులో యాంప్లిఫయరు, బ్యాటరీలు, హారన్లు ఎక్కాక ఒక మనిషికి చోటు తగ్గింది. ఎవరు దిగాలన్నది ఎవరూ పైకి అనలేదు. చిన్నాన్నే, గోవాడలో చెరకు క్రషింగ్ మొదలైందట, చక్కెర ఫ్యాక్టరీలో సీజను పనికి మనుషుల్ని తీసుకుంటున్నారట, వెళ్ళివస్తానని చెప్పి, తన క్లారినెట్టు మా ఇంట్లోనే గోడకు తగిలించి వెళ్ళాడు. వెళుతూ డోలు వాయించే మా పెదనాన్న వరస ఆయనతో గుమ్మంలో ఏదో గొణిగాడు. ఏమిటని నేను అడగలేదు. వాళ్ళిద్దరూ గొణుక్కోవడం మామూలే.

చీడికాడ పెళ్ళి పట్టపగటి ముహూర్తం. ఎదుర్కోలు నాడు మావయ్య గొప్ప నిజమైందనే చెప్పాలి. నాన్న ఊదిన ప్రతి స్వరం కిందా, ఏనుగు పక్కన నడిచినట్టు, గంభీరంగా మరో స్వరం నడిచింది. గమకాల దగ్గర పెట్టె అక్కడక్కడా తడబడి కప్పలా బెకబెకలాడినా జనం పట్టించుకోలేదు. పిల్లలు హారను కింద చేరి, లోపల ఇంకొకడున్నాడురా అని ఒకరినొకరు తోసుకున్నారు. పెట్టె పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్న నాకు, ఆ మెప్పులో సగం నాదేననిపించింది.

మంగళసూత్రం వేళకు పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం. ఆ కాసేపూ మా పద్ధతిలో ఒకటే నియమం, ఊదేది తెగకూడదు. డోలు ఎంత మోగినా పైన వాద్యం ఆగిందంటే, ఒట్టి డోలు మోతను శుభకార్యంలో మావైపు ఎవరూ సహించరు. ఊదే వాద్యం తోడులేని డోలు శవం వెంట నడిచే చప్పుడని పేరు. ఆ నియమం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసినా నమ్మని సంగతి కనుక, నా పరీక్షల్లోకి రాలేదు.

నాన్న ఎత్తుకున్నాడు, పెట్టె అందుకుంది. పది పన్నెండు క్షణాలకు నాన్న ఊపిరి కోసం నోరు తీశాడు. పెట్టె కూడా ఆగిపోయింది. ఆగక ఏం చేస్తుంది, నాన్న ఊదితేనే దానికి ప్రాణం! పందిట్లో ఒట్టి డోలు మోగింది. ఒక రెప్పపాటే అనుకున్నాను గాని, నాన్న మళ్ళీ అందుకోవడానికి అంతకు నాలుగింతలు పట్టింది. ఊపిరి లోపలికి పోతూ ఆయన గొంతులో గరగరలాడడం నాకు వినిపించింది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ తెగింది, ఈసారి ఇంకా ముందే. మూడోసారి ఊదబోయి దగ్గు తెరవచ్చి రీడు కీచుమంది. ఆ కీచుమన్నదాన్ని పట్టుకుని నా నిక్కచ్చి పెట్టె ఒక స్థాయి కింద, ఈనలేని గేదెలాగా, హారన్ల నిండా మూలిగింది.

పెళ్ళికొడుకు నాయనమ్మ కాబోలు, ముసలామె ఒకావిడ అక్షింతల పళ్ళెం ధన్‌మని కింద పెట్టి లేచింది. “ఏటర్రా ఇది! ఒట్టి డోలేటి మోగతంది? పెళ్ళి సేస్తన్నారా, శవం లేవదీస్తన్నారా? ఒరే, ఊదీవోడికి ఊపిరి నేదా?”

ఆ మాట పురోహితుడి ముందున్న మైకులో పడి ఊరంతా వినపడింది. మావయ్య యాంప్లిఫయరు మీది మీటలన్నీ తిప్పేస్తూ, కరెంటు లోపమమ్మా, కరెంటు లోపం అని అరుస్తున్నాడు. అబద్ధం! పెట్టెలో ఏ లోపమూ లేదు. నేను రాసిచ్చినట్టే, అక్షరం పొల్లుపోకుండా పనిచేస్తోంది. నాన్న తల ఎత్తలేదు. చిల్లు పెట్టిన చోట బొటనవేలు ఆనించి, దాన్ని మూసేస్తే ఏదో సర్దుకుంటుందన్నట్టు, అలా పట్టుకుని నిలబడిపోయాడు.

తిరుగు ప్రయాణంలో నాన్న జీపులో ముందు కూర్చున్నాడు. నేను జీపు ఎక్కలేదు. డోలు పెదనాన్నతో బస్సులో వచ్చాను. కొంతదూరం వచ్చాక ఆయన డోలును ఒళ్ళో సర్దుకుని, నావైపు చూడకుండానే అన్నాడు.

“నీకు నిజంగా తెల్దురా బాబూ? నాలుగైదేళ్ళనుంచి మీ నాన్న ఊపిరి మీ చిన్నాన్నే పీలుస్తన్నాడు.”

అప్పుడు చెప్పాడు. నాన్న రొమ్ములో ఉబ్బసం ఎప్పుడో చేరింది. నాన్న ఊపిరి తీసుకునే చోటు ఒక క్షణం ముందే కనిపెట్టి, చిన్నాన్న కింది స్థాయిలోంచి పైకి ఎగబాకి, నాన్న గొంతుతోనే ఆ ఖాళీని కప్పి, నాన్న అందుకోగానే ఎవరికీ తెలియకుండా కిందకి జారిపోయేవాడు. ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీసుకోవడం ఎన్నడూ జరగలేదు. నాన్నకు కూడా తాను ఎంత ఆగుతున్నాడో పూర్తిగా తెలియదట. గుమ్మంలో చిన్నాన్న గొణిగింది కూడా ఇదే, గట్టిమేళం పొట్టిగా కొట్టు, అన్న అలిసిపోతాడు అని. మరి నువ్వయినా నాకెందుకు చెప్పలేదని బస్సులో అందరూ వినేలాగా అరిచాను. “అన్నదమ్ముల మజ్జన నాకేటిరా,” అన్నాడాయన. ఆ జవాబుకు ఆ వేళ ఎంత మండిపడ్డానో, ఇప్పటికీ అంతే మండుతుంది.

మర్నాడే గోవాడ వెళ్ళాను. చెరకుబళ్ళు బారులు తీరిన దారి పక్కన, తలకు తువ్వాలు చుట్టుకుని, చొక్కా అంతా చెరకుపీచు అంటిన చిన్నాన్న కనపడ్డాడు. జరిగింది చెప్పి, నేను అడిగినప్పుడు ఎందుకు దాచావని నిలదీశాను. అడిగినవాణ్ణి నేను, జవాబు చెప్పవలసినవాడు ఆయన అన్న ధీమా నాలో అప్పటికీ పోలేదు.

“ఏటడిగేవు నువ్వు?” అన్నాడాయన. నాతో ఆయన కోపంగా మాట్లాడింది ఆ ఒక్కసారే. “పెట్టెకి రానిది నాకేటొచ్చునని అడిగేవు. నాకొచ్చింది సెప్తే, అన్నకి రానిది సెప్పినట్టు కాదేటి? కాయితం మీద రాసుకుందావని కూకున్నావు, నీకు సెప్తానా?”

ఆ తరవాత బండివాడెవడో పిలిస్తే వెళ్ళి, కాసేపటికి తిరిగి వచ్చి, అన్న అన్నం తిన్నాడా అని అడిగాడు.

చిన్నాన్న తిరిగి వచ్చాడు. నాన్న స్వయంగా వెళ్ళి పిలిచాడు. ఆ చిల్లును మైనంతో పూడ్చుకుని, ముందే ఒప్పుకున్న పెళ్ళిళ్ళు నాలుగైదు ఇద్దరూ కలిసి వాయించారు. ఇక్కడితో అంతా చక్కబడిందని రాయగలిగితే బాగుండేది. చక్కబడలేదు. నాన్నకు ఇప్పుడు తెలిసిపోయింది. ఊపిరి తీసుకోబోయే ముందు ఆయన కళ్ళు అప్రయత్నంగా తమ్ముడివైపు తిరిగేవి. అలా తిరగడంలో స్వరం ఒక పిసరు బిగుసుకునేది. ఎప్పుడూ వినపడని అతుకు అప్పటినుంచి నా చెవికి కూడా వినపడడం మొదలైంది. ఆ సీజను ముగిశాక నాన్న, పళ్ళు కదులుతున్నాయని జనానికి చెప్పి, క్లారినెట్టును పంచెలో చుట్టేసి కత్తీ అద్దమూ ముందేసుకుని కూర్చున్నాడు. నాన్న లేని మేళం చిన్నాన్నకు అక్కరలేకపోయింది. ఆయన రిటైరయ్యే వరకు ఆ ఫ్యాక్టరీ పనిలోనే ఉన్నాడు. ఆ ఇద్దరూ ఒకే వీధిలో ముసలివాళ్ళయ్యారు, కలిసి భోజనాలు చేశారు, పేకాడుకున్నారు, పోట్లాడుకున్నారు. కలిసి ఊదడం మాత్రం మళ్ళీ జరగలేదు.

మావయ్య మీద నాకున్న కోపం ఎప్పుడో చల్లారింది. ఆయన అమ్మకపు మనిషి, ఆయన చెప్పిన అబద్ధాలు అరగంటలో పట్టుకోగలిగినవి. చల్లారనిది నా నివేదిక మీది కోపం. అందులో ఒక్క తప్పు లేదు. ఎకో పెట్టెను ఏరుకుని ఉంటే, నాన్న ఆగినప్పుడు దాని ప్రతిధ్వని అర క్షణమైనా నిలిచేదని తరవాత చాలాసార్లు లెక్క వేసుకున్నాను. అదీ చాలేది కాదని ఆ లెక్కే చెప్పింది. స్వరాన్ని కొలిచినవాణ్ణి, స్వరానికీ స్వరానికీ మధ్య ఎవరున్నారో వినకుండా, రెండో మనిషి అనవసరమని ఏ మాటా రాయకుండానే రాసిచ్చాను. అబద్ధం చెప్పి ఒకరి చోటు లాక్కున్నవాడికి సిగ్గుపడే దారి ఉంటుంది. నిజం చెప్పి లాక్కున్నవాడికి అదీ లేదు.

మొన్న చోడవరంలో బంధువులింట పెళ్ళికి వెళ్ళాను. ముహూర్తానికి ఎవరో లాప్‌టాప్‌లో మీట నొక్కితే, అద్భుతమైన సన్నాయి మేళం అరగంటసేపు అవిచ్ఛిన్నంగా మోగింది. పందిట్లో ఒక్క వాద్యకారుడూ లేడు. ఉంటే బాగుండునని అన్నవాళ్ళూ లేరు. తెగనివ్వకూడదన్న మా పాత నియమాన్ని అంత శుద్ధంగా పాటించిన పెళ్ళిని నేను చూడలేదు. అందరూ అక్షింతలు వేస్తుండగా, నేను మాత్రం చెవి రిక్కించి, ఆ వాయించినాయన ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, అక్కడ పక్కనున్నది ఎవరోనని వెదికాను. రికార్డు చేసినవాళ్ళు ఆ చోట్లన్నీ కత్తిరించి అతికినట్టున్నారు. ఎంత వెదికినా ఒక్కటీ దొరకలేదు.